గిటార్ శ్రుతి దించి వాయించాలంటే

"అన్నా, చరణంలో పైకి అందట్లేదు, కాస్త దించవా" అని పాడేవాళ్ళు అడగ్గానే ట్యూనింగ్ కీలు వెనక్కి తిప్పేస్తాం. తిప్పడానికి రెండు నిమిషాలు చాలు. చిక్కంతా ఆ తర్వాతే. అన్నిటికంటే లావైన ఆరో తీగ, మెడ మీది ఫ్రెట్ కమ్మీలకు కొట్టుకుని గరగరమంటుంది. ఒకే వేలు తీగల మీద అడ్డంగా వేసి బారె కార్డ్ పడితే అపశ్రుతిగా వినిపిస్తుంది. కీబోర్డు దగ్గర ఉన్నతను "ఇంతకీ నువ్వు ఏ స్కేల్లో ఉన్నావ్?" అంటాడు. కీ తిప్పినప్పుడు స్వరంతో పాటు తీగ బిగువూ మారుతుంది. ఆ బిగువును లెక్కపెట్టుకుని బిగించిన మెడ, తీగలు రెండు చివర్లా ఆనే బ్రిడ్జి, నట్ అన్నీ కొత్త లెక్కలోకి రావాలి. అందుకే ఎంత దించాలో ముందే తేల్చుకుని, దానికి తగ్గ తీగలు వేసి, గిటార్‌ను ఆ ఒక్క శ్రుతికే సర్దుకోవడం మేలు. పాటకో ట్యూనింగ్ మార్చే అలవాటుతో సగం రిహార్సల్ ట్యూనర్ చూడటానికే పోతుంది. బెంగళూరులో గంటల లెక్కన జామ్ రూమ్ అద్దె కట్టేవాళ్ళకు ఆ బాధ బాగా తెలుసు.

అసలు దించాలా?

ముందు పాడేవాళ్ళను వాద్యమేమీ లేకుండా పాడమనండి. పల్లవి కాదు, చరణంలో అన్నిటికంటే పైకి వెళ్ళే వాక్యం. వాళ్ళకు హాయిగా ఉన్నచోట పాడుతుంటే ఆ పై స్వరాన్ని మీ మొదటి తీగ మీద వెతికి పట్టుకోండి. అదే స్వరం అసలు పాటలో ఎన్నో ఫ్రెట్‌లో ఉందో చూసి తేడా లెక్కపెట్టండి. తేడా ఒకటో రెండో ఫ్రెట్లయితే శ్రుతి దించడం సరైన దారి. మూడు, నాలుగు అయితే ట్యూనింగ్ జోలికి పోకండి, కార్డ్ షేపులు మార్చి కేపో (తీగలన్నిటినీ ఒకే ఫ్రెట్ దగ్గర అదిమి పట్టే క్లిప్) పెట్టుకోండి.

కేపో స్వరాన్ని పైకి తీసుకెళ్ళేది కదా, పాట ఎలా దిగుతుందని అనుమానం రావచ్చు. జి స్కేల్లో ఉన్న పాట ఇ కి దిగాలనుకుందాం. డి షేపులు పట్టి రెండో ఫ్రెట్‌లో కేపో పెడితే వచ్చేది ఇ. సి షేపులైతే నాలుగో ఫ్రెట్. గొంతుకు కావలసింది స్కేలు మారడమే. మీరు మెడ మీద ఎక్కడ పట్టుకున్నారన్నది దానికి అక్కర్లేదు. ఉగాదికో వినాయక చవితికో అపార్ట్‌మెంట్ క్లబ్ హౌస్‌లో నలుగురు గాయకులకు వరసపెట్టి వాయించాల్సి వస్తే కేపోను మించినది లేదు.

మరి దించక తప్పనిది ఎప్పుడు? పాటలో ఖాళీ ఆరో తీగ మోగుతూ ఉండే రిఫ్ ఉంటే, ఆ బరువు కేపోతో రాదు. పవర్ కార్డులతో (షడ్జమ పంచమాలు మాత్రమే ఉండే కార్డులు) నడిచే రాక్, మెటల్ పాటలు మరో సందర్భం. తీగను బాగా లాగి గమకాలు వాయించేవాళ్ళకు వదులు తీగ వేళ్ళకు సుఖం. బ్లాక్ సబ్బత్ బృందం గిటారిస్టు టోనీ అయోమీ కథ కూడా ఇక్కడే మొదలైంది. బర్మింగ్‌హామ్ కర్మాగారంలో 17 ఏళ్ళ వయసులో ఆయన కుడిచేతి రెండు వేళ్ళ కొనలు తెగిపోయాయి. ఎడమచేతి వాటం మనిషి కాబట్టి ఫ్రెట్లు నొక్కాల్సిన చెయ్యి అదే. తీగలు మృదువుగా ఉండాలని సన్నవి వాడాడు, తర్వాత శ్రుతి కూడా దించాడు. ఆ బరువైన ధ్వని ఆపైన హెవీ మెటల్ గుర్తుగా మారింది. రాక్ గిటారిస్టు జిమీ హెండ్రిక్స్ చాలావరకు వాయించింది అర మెట్టు, అంటే ఒక ఫ్రెట్, దించే. 2011 అక్టోబరు 30న మన బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో మెటల్ బృందం మెటాలికా వాయించేనాటికి వాళ్ళకూ వేదిక మీద అర మెట్టు దించి వాయించడం చాలా ఏళ్ళ అలవాటు. గొంతు కోసం దించడమంటే చిన్నతనమేమీ కాదు.

ఏ ట్యూనింగ్ ఎంచుకోవాలి

మామూలు ట్యూనింగ్ ఆరో తీగ నుంచి ఇ-ఎ-డి-జి-బి-ఇ. దించడంలో రెండు దారులున్నాయి: ఆరు తీగలనూ సమానంగా దించడం, లేదా కొన్నిటినే దించడం.

సమానంగా దించితే కార్డ్ షేపులేవీ మారవు. ఒక్క ఫ్రెట్ దూరం దించితే ఇ ఫ్లాట్ ట్యూనింగ్. చాలా ట్యూనర్లు ఫ్లాట్ పేర్లు చూపవు, షార్ప్ పేర్లే చూపుతాయి. కాబట్టి తెర మీద మీకు కనబడాల్సినవి ఇవి: డి షార్ప్, జి షార్ప్, సి షార్ప్, ఎఫ్ షార్ప్, ఎ షార్ప్, డి షార్ప్. ట్యూనర్‌ను గిటార్ మోడ్ నుంచి, పన్నెండు స్వరాలనూ చూపే క్రోమాటిక్ మోడ్‌కి మార్చడం మరిచిపోతే అది మిమ్మల్ని పాత ఇ వైపే లాగుతూ ఉంటుంది. రెండు ఫ్రెట్లు దించితే డి-జి-సి-ఎఫ్-ఎ-డి.

ఈ రెండో దాంట్లో ఒక సౌకర్యం ఉంది. గిటార్‌ను డి లోనే ఉంచేసి, రెండో ఫ్రెట్‌లో కేపో పెడితే మామూలు ట్యూనింగ్, మొదటి ఫ్రెట్‌లో పెడితే ఇ ఫ్లాట్, తీసేస్తే డి. ఒకే గిటార్‌తో ప్రోగ్రాం నడిపేవాళ్ళకు నేను చెప్పేది ఇదే. కేపోను ఫ్రెట్ కమ్మీకి ఆనుకునేంత దగ్గరగా, తీగలు పక్కకు లాగకుండా పెట్టండి. లేదంటే లావు తీగలు షార్ప్ అవుతాయి, అంటే స్వరం కాస్త పైకి లేస్తుంది.

కొన్ని తీగలనే దించేవాటిలో అందరూ మొదలుపెట్టేది డ్రాప్ డి. ఆరో తీగ ఒక్కటే ఇ నుంచి డి కి వస్తుంది. ట్యూనర్ కూడా అక్కర్లేదు. నాలుగో తీగ ఖాళీగా మీటి, ఆరో తీగ పన్నెండో ఫ్రెట్ మీద హార్మోనిక్ (తీగను నొక్కకుండా, ఫ్రెట్ కమ్మీకి సరిగ్గా పైన వేలు తాకించి మీటే స్వరం) మోగించండి. రెండూ కలిసి మోగుతున్నప్పుడు "వావ్ వావ్" అని ఊగే ఊపు నెమ్మదించి, చివరికి ఆగిపోతే శ్రుతి కలిసినట్టే. ఇక ఆరు, అయిదు, నాలుగు తీగల మీద ఒకే వేలు అడ్డంగా వేస్తే పవర్ కార్డ్ వస్తుంది. అన్ని షేపులూ పనిచేయవు. ఆరో తీగ మీద జి ఇప్పుడు అయిదో ఫ్రెట్‌లో ఉంటుంది, ఎఫ్ మూడులో, ఇ రెండులో. ఇ మేజర్ పట్టాలంటే ఆరు, అయిదు, నాలుగు తీగలు రెండో ఫ్రెట్, మూడో తీగ మొదటి ఫ్రెట్, మిగతా రెండూ ఖాళీ. దీనికి ప్రతిఫలంగా డి, డి మైనర్ కార్డులు ఆరు తీగల మీదా నిండుగా మోగుతాయి. మామూలు ట్యూనింగ్‌లో ఆ నిండుదనం దొరకదు.

డ్రాప్ సి అంటే ముందు అన్నిటినీ రెండు ఫ్రెట్లు దించి, ఆపైన ఆరో తీగను ఇంకో రెండు దించడం: సి-జి-సి-ఎఫ్-ఎ-డి. మెటల్ వాయించేవాళ్ళ పేట ఇది. షాపులో గిటార్‌కు బిగించి ఇచ్చిన తీగలతో మాత్రం దీనికి దిగకండి.

తీగల లెక్క

అసలు విషయం ఇక్కడుంది. తీగ పొడవు, మందం మారకుండా శ్రుతి దించితే బిగువు స్వరం కంటే వేగంగా పడిపోతుంది, ఎందుకంటే అది పౌనఃపున్యం వర్గాన్ని బట్టి మారుతుంది. ఒక ఫ్రెట్ దించితే దాదాపు 11 శాతం, రెండు ఫ్రెట్లకు 21 శాతం, మూడుకు 29 శాతం, నాలుగుకు 37 శాతం బిగువు పోతుంది. 10–46 సెట్ (మొదటి, ఆరో తీగల మందం, అంగుళంలో వెయ్యో వంతుల్లో) వేసిన ఎలక్ట్రిక్ గిటార్ మెడ మామూలు ట్యూనింగ్‌లో మొత్తం 45 కిలోల పైచిలుకు లాగుడు మోస్తుంది. 12–53 సెట్ వేసిన అకూస్టిక్ మీద 70 కిలోలు దాటుతుంది. రెండు ఫ్రెట్లు దించితే ఎలక్ట్రిక్ మీద తొమ్మిది, పది కిలోలు ఒక్కసారిగా తగ్గిపోతాయన్నమాట. మెడకు అది చిన్న తేడా కాదు.

పోయిన బిగువును తిరిగి తెచ్చుకోవడానికి గుర్తుంచుకోవలసిన సూత్రం ఒకటే: ఒక్కో ఫ్రెట్ దించినప్పుడు తీగ మందం 6 శాతం పెంచండి. 10–46 సెట్ మీ చేతికి అలవాటైందనుకుందాం. ఒక ఫ్రెట్ దించితే లెక్క ప్రకారం 10.6–48.7 కావాలి. మార్కెట్లో దొరికే 11–49 దానికి దగ్గర. రెండు ఫ్రెట్లకు 11.2–51.6 వస్తుంది, అంటే 11–52 తీసుకుంటే చేతికి ఇంచుమించు పాత బిగువే తగులుతుంది. డ్రాప్ డి లో ఆరో తీగ ఒక్కటే దిగుతుంది కాబట్టి, పై స్వరాల తీగలు సన్నంగా ఉండి కింది స్వరాల తీగలు లావుగా ఉన్న 10–52 సెట్ చక్కగా సరిపోతుంది. డ్రాప్ సి కి ఆరో తీగ 58 రావాలి. 11–56 తో సర్దుకుపోవచ్చు.

అకూస్టిక్‌లో 12–53 వేసి రెండు ఫ్రెట్లు దించేవాళ్ళకు 13–56 సెట్ ఉంది. లెక్క ప్రకారం అదీ కొంచెం తక్కువే, కానీ అంతకంటే లావు తీగ మీద బారె కార్డ్ పట్టడమంటే మణికట్టుకు శిక్ష. అకూస్టిక్ మీద కొద్దిగా వదులు ఉంటే నష్టం లేదు, ధ్వని మృదువుగా కూడా ఉంటుంది. ఇంకో జాగ్రత్త: 13–56 వేసిన గిటార్‌ను మళ్ళీ మామూలు ట్యూనింగ్‌కి ఎక్కించి వదిలేయకండి. తక్కువ ధర గిటార్లలో ఆ లాగుడుకు బ్రిడ్జి వెనక పై చెక్క ఉబ్బుతుంది. నైలాన్ తీగల క్లాసికల్ గిటార్‌కు స్టీల్ తీగలు ఏ ట్యూనింగ్‌లోనూ వేయకూడదు, దించినా సరే.

గిటార్ స్కేలు పొడవు కూడా చూసుకోండి. ఫెండర్ తరహా గిటార్లలో నట్ నుంచి బ్రిడ్జికి 25.5 అంగుళాలు, గిబ్సన్ తరహాలో 24.75. పొట్టి స్కేలు మీద అదే తీగ, అదే స్వరంలో ఇంకొంచెం వదులుగా ఉంటుంది. అందుకే గిబ్సన్ లెస్ పాల్ ఆకారం గిటార్ ఉన్నవాళ్ళు తీగల్లో ఒక మెట్టు లావుకి వెళ్ళొచ్చు. సి కంటే కిందికి తరచూ వెళ్ళాలనిపిస్తే 27 అంగుళాల బారిటోన్ గిటార్ గురించి ఆలోచించండి. మామూలు గిటార్‌ను అంతదాకా లాగడం నాకు నచ్చదు. ఆ తీగ మోగదు, కొట్టుకుంటుంది.

దించే పద్ధతి

కొత్త తీగలు ఒక్కొక్కటిగా మార్చండి. ఆరూ ఒకేసారి విప్పేస్తే మెడ మీద లాగుడు అంతా పోయి, మళ్ళీ స్థిమితపడటానికి సమయం పడుతుంది. లావు తీగకు కీ మీద రెండు, మూడు చుట్లు చాలు.

కావలసిన స్వరం దగ్గరే ఆపకుండా కొంచెం కిందికి దించి, మళ్ళీ పైకి బిగిస్తూ చేరుకోండి. పై నుంచి దించుతూ ఆపేస్తే కీ పళ్ళ మధ్య, నట్ గాడిలో కొంత వదులు మిగిలిపోతుంది. గట్టిగా నాలుగు స్ట్రమ్‌లు కొట్టగానే తీగ ఇంకా దిగిపోతుంది.

ఆరో తీగ నుంచి ఒకటో తీగ దాకా వచ్చాక పని అయిపోయిందనుకోకండి. చివరి తీగలు దించేసరికి మొత్తం లాగుడు తగ్గి, ముందు సరిచేసిన ఆరో తీగ కొద్దిగా పైకి ఎక్కి ఉంటుంది. ఆరు తీగలనూ కనీసం రెండుసార్లు ట్యూన్ చేయాల్సిందే. పన్నెండో ఫ్రెట్ దగ్గర ఒక్కో తీగను వేళ్ళతో మెల్లగా పైకి లాగి వదలండి, మళ్ళీ ట్యూన్ చేయండి. లాగినా దిగకుండా నిలబడేదాకా చేయండి.

కింది స్వరాల దగ్గర క్లిప్ ట్యూనర్ ముల్లు తడబడుతుంది. డి దాదాపు 73 హెర్ట్జ్, సి 65. అంత కింది స్వరాన్ని చిన్న ట్యూనర్లు సరిగా పట్టుకోలేవు. అప్పుడు పన్నెండో ఫ్రెట్ హార్మోనిక్ మీటి చూడండి. ఎలక్ట్రిక్ అయితే మెడ వైపు పికప్ పెట్టి టోన్ తగ్గించండి. ఇంకో సంగతి: వదులు తీగను గట్టిగా కొడితే మొదట షార్ప్‌గా లేచి తర్వాత దిగుతుంది. మీరు పాటలో ఎంత బలంగా కొడతారో అంతే బలంతో మీటి ట్యూన్ చేసుకోవాలి. సుతిమెత్తగా మీటి ముల్లు మధ్యలోకి తెచ్చి, స్టేజీ మీద దంచి కొడితే పాట మొత్తం పైకి లేచి వినిపిస్తుంది.

కీ తిప్పుతుంటే స్వరం కదలకుండా ఉండి, హఠాత్తుగా "టింగ్" అని గెంతుతోందా? లావు తీగ నట్ గాడిలో ఇరుక్కుంటోంది. 46 కోసం కోసిన గాడిలో 52 ఇమడదు. తాత్కాలికంగా పెన్సిల్ ములుకును గాడిలో రుద్దండి, గ్రాఫైట్ తీగను జారనిస్తుంది. అప్పటికీ గెంతుతుంటే గాడి వెడల్పు చేయించాలి. దానికి సన్నని ప్రత్యేకమైన ఆకురాళ్ళు ఉంటాయి. అవి లేకుండా ఇంట్లో రంపం బ్లేడుతో ప్రయత్నించకండి. గాడి ఒక వెంట్రుకంత ఎక్కువ లోతు అయినా ఖాళీ తీగ ఎప్పటికీ గరగరమంటూనే ఉంటుంది, నట్ మార్చాల్సి వస్తుంది.

మెడ సంగతి

తీగలు మెడను ముందుకు వంచుతుంటాయి, లోపల ఉన్న ట్రస్ రాడ్ అనే కడ్డీ వెనక్కి లాగుతుంటుంది. తీగలు వదులైతే రాడ్‌దే పైచేయి అవుతుంది. మెడ నిటారుగానో, కొంచెం వెనక్కో వెళ్ళి మొదటి నాలుగైదు ఫ్రెట్లలో గరగర మొదలవుతుంది. లెక్క ప్రకారం లావు తీగలు వేసుకుంటే ఈ తేడా దాదాపు రాదు. వేసుకోనివాళ్ళు మాత్రం చూసుకోవాలి.

చూడటం సులువే. కొత్త శ్రుతిలోకి ట్యూన్ చేసిన తర్వాతే ఇది చేయాలి. మొదటి ఫ్రెట్‌లో కేపో పెట్టండి. మెడ ఒంటికి అతుక్కునే చోట ఆరో తీగను కుడిచేత్తో నొక్కి పట్టండి. అకూస్టిక్‌లో అది సాధారణంగా పద్నాలుగో ఫ్రెట్. ఇప్పుడు తీగ ఒక స్కేలులా తిన్నగా ఉంది. ఏడో, ఎనిమిదో ఫ్రెట్ దగ్గర తీగకూ ఫ్రెట్ కమ్మీకీ మధ్య ఖాళీ ఎంతో చూడండి. 0.2 నుంచి 0.3 మిల్లీమీటర్లు ఉంటే బాగుంది. జేబులో ఉన్న విజిటింగ్ కార్డు దూర్చి చూస్తే చాలు, దాని మందం ఇంచుమించు అంతే. కార్డు తీగను ఎత్తకుండా, జారిపోకుండా ఆనితే సరిపోయినట్టు. అసలు ఖాళీయే లేకపోతే అలెన్ కీతో రాడ్‌ను ఎడమవైపుకు, అంటే వదులయ్యే వైపుకు తిప్పాలి. ఒక్కసారికి పావు చుట్టు మించకూడదు. తిప్పి, ట్యూన్ చేసి, మళ్ళీ చూసి, మర్నాడు ఇంకోసారి చూడండి. చెక్క వెంటనే కదలదు. కీ బిగుసుకుపోయి కదలకపోతే బలం ప్రయోగించకుండా గిటార్ రిపేరు చేసేవాళ్ళకు ఇవ్వండి. సరైన కొలత కీ లేకపోతే బెంగళూరు ఎస్.పి. రోడ్డులో సెట్లు దొరుకుతాయి. దగ్గరి సైజు కీ దూర్చి తిప్పితే రాడ్ నట్టు మూలలు అరిగిపోతాయి. కొన్ని చవక అకూస్టిక్‌లలో ట్రస్ రాడ్ ఉండదు. వాటికి ఈ తలనొప్పీ లేదు, మందూ లేదు.

బెంగళూరులో ఇంకో సంగతి. జనవరి చివరి నుంచి మార్చి దాకా గాలి పొడిగా ఉంటుంది, చెక్క ముడుచుకుంటుంది. జులైలో సరిగ్గా సర్దిన మెడ ఫిబ్రవరిలో గరగరమంటే తప్పు మీ ట్యూనింగ్‌ది కాకపోవచ్చు. చెన్నైకో నెల్లూరుకో తీసుకెళ్తే తేమకు చెక్క ఉబ్బి తీగలు ఎత్తవుతాయి. కాబట్టి సర్దుబాటు ఒకేసారి చేసి ఊరుకునే పని కాదు.

వదులు తీగ ఎక్కువ దూరం ఊగుతుంది కనుక తీగ ఎత్తు కూడా ఒక పిసరు పెంచాలి. ఎలక్ట్రిక్‌లో పన్నెండో ఫ్రెట్ దగ్గర ఆరో తీగ కింద 2 మిల్లీమీటర్లు, లేదా కొంచెం పైన ఉండనివ్వండి. ఆంప్‌లో వినిపించని గరగరను పట్టించుకోనక్కర్లేదు. గదిలో ఒంటరిగా చెవి పెట్టి విన్నప్పుడు మోగే ప్రతి చప్పుడునూ పోగొట్టాలని చూస్తే తీగలు ఆకాశంలోకి వెళ్తాయి.

చివరిగా ఇంటొనేషన్. పన్నెండో ఫ్రెట్ హార్మోనిక్, అక్కడే నొక్కి మీటిన స్వరం, రెండూ ట్యూనర్‌లో ఒకటే చూపాలి. నొక్కిన స్వరం షార్ప్ అయితే, బ్రిడ్జి మీద తీగ ఆనే సాడిల్‌ను వెనక్కి జరిపి తీగ పొడవు పెంచండి, ఫ్లాట్ అయితే ముందుకు. అకూస్టిక్‌లో సాడిల్ జరగదు కాబట్టి అక్కడ మీరు చేయగలిగింది పెద్దగా లేదు, ఫ్రెట్‌ను తేలిగ్గా నొక్కడం తప్ప.

ఫ్లాయిడ్ రోజ్ ఉన్నవాళ్ళకు

ఫ్లాయిడ్ రోజ్ అనే ఈ రకం బ్రిడ్జి, తీగలకూ వెనకున్న స్ప్రింగులకూ మధ్య తేలుతూ ఉంటుంది. తీగ వదలగానే స్ప్రింగులు గెలిచి బ్రిడ్జి వెనక్కి కుంగుతుంది, తీగలన్నీ ఫ్రెట్ల మీద పడుకుంటాయి. ఒక తీగ దించితే మిగతా అయిదూ పైకి ఎక్కుతాయి. పాటల మధ్యలో డ్రాప్ డి కి వెళ్దామనే ఆశ వదులుకోండి.

దించక తప్పకపోతే నట్ దగ్గర లాకులు విప్పి, ఫైన్ ట్యూనర్లను మధ్యలోకి తెచ్చి, ఆరు తీగలూ కొత్త శ్రుతికి తీసుకురండి. బ్రిడ్జి వెనక్కి వంగి ఉంటే గిటార్ వెనక మూత తీసి, స్ప్రింగులు పట్టుకున్న రెండు స్క్రూలను అర చుట్టు చొప్పున వదులు చేయండి. మళ్ళీ ట్యూన్, మళ్ళీ అర చుట్టు. బ్రిడ్జి గిటార్ ముఖానికి సమాంతరంగా నిలబడేదాకా ఇది సాగుతుంది. ఓ సాయంత్రం పోతుంది. స్వరాన్ని ఊపే వామీ బార్ కడ్డీ పెద్దగా వాడనివాళ్ళయితే బ్రిడ్జి దిమ్మకూ చెక్కకూ మధ్య సరిగ్గా ఇమిడే చిన్న చెక్క ముక్క పెట్టి కదలకుండా చేసేయండి, ప్రాణం హాయిగా ఉంటుంది.

అకూస్టిక్ మీద డాడ్‌గాడ్, మన శ్రుతులు

కర్ణాటక సంగీతం చెవిలో పడుతూ పెరిగినవాళ్ళకు నేను గట్టిగా చెప్పే ట్యూనింగ్ ఇది. 1960లలో ఇంగ్లండులో డేవీ గ్రేయం వ్యాప్తిలోకి తెచ్చాడు. డి-ఎ-డి-జి-ఎ-డి. డి ని షడ్జమం అనుకుంటే ఆరు తీగలూ స-ప-స-మ-ప-స. మధ్యలో ఆ ఒక్క మధ్యమం తప్ప మిగతాదంతా తంబురాయే. బెంగళూరు చామరాజపేట రామనవమి కచేరీల్లో పాట మొదలుకాక ముందు తంబురా మోగుతుంటే ఉండే ఆ నిండుదనం, ఖాళీ తీగలు మీటితే గిటార్‌లోంచి వస్తుంది. గాంధారం ఎక్కడా లేకపోవడమే దీని బలం. అది మేజరా మైనరా అన్నది మీరు వాయించే రాగమే తేలుస్తుంది.

మామూలు ట్యూనింగ్ నుంచి మూడు తీగలే మారతాయి. ఆరోది నాలుగో తీగతో కలిసేలా, ఒక స్థాయి కింద, దించండి. రెండోది మూడో తీగ రెండో ఫ్రెట్ స్వరంతో కలిసేదాకా దించండి. ఒకటోది, దించిన రెండో తీగ అయిదో ఫ్రెట్‌తో కలిసేదాకా. షేపులు కూడా తేలిక. మూడో తీగ రెండో ఫ్రెట్ మాత్రం నొక్కి అన్నీ మోగిస్తే స, పలు మాత్రమే వినిపిస్తాయి. ఆరు, అయిదు తీగలు అయిదో ఫ్రెట్‌లో నొక్కి మిగతావి ఖాళీగా వదిలితే జి వైపు వెళ్తుంది. ఆరో తీగ మోగించకుండా, అయిదో తీగ ఖాళీగా, నాలుగు, మూడు తీగలు రెండో ఫ్రెట్‌లో, మిగతావి ఖాళీగా అయితే ఎ వైపు. ఈ మూడింటితోనే ఒక పాట మోయొచ్చు.

రాగాన్ని బట్టి ఇంకో మార్పు చేసుకోవచ్చు. మోహనం, హంసధ్వని వంటి వాటిలో మధ్యమం లేదు. ఖాళీ మూడో తీగ పొరపాటున మోగితే చెవిలో గుచ్చుకుంటుంది. ఆ ఒక్క తీగను ఇంకో ఫ్రెట్ దించి ఎఫ్ షార్ప్ చేయండి. అది అంతర గాంధారం, రెండు రాగాల్లోనూ ఉన్న స్వరం. పాశ్చాత్యులు ఓపెన్ డి అనేది దీన్నే. హిందోళంలో పంచమం ఉండదు. అక్కడ రెండు ఎ తీగలనూ రెండేసి ఫ్రెట్లు దించి జి చేస్తే అన్నీ స, మలే.

ఇక పాడేవాళ్ళ శ్రుతి. డి అంటే మన లెక్కలో రెండు శ్రుతి. ఒకటి సి, ఒకటిన్నర సి షార్ప్, మూడు ఇ, నాలుగు ఎఫ్, నాలుగున్నర ఎఫ్ షార్ప్, అయిదు జి, అయిదున్నర జి షార్ప్. రెండు శ్రుతిలో పాడే మగవాళ్ళకు డాడ్‌గాడ్ ఉన్నదున్నట్టు సరిపోతుంది. ఒకటికి పాడేవాళ్ళుంటే అన్నిటినీ ఇంకో రెండు ఫ్రెట్లు దించాలి: సి-జి-సి-ఎఫ్-జి-సి. దీనికి 13–56 తీగలు తప్పనిసరి. ఆడవాళ్ళు నాలుగున్నరకో, అయిదుకో పాడతారనుకోండి, నాలుగో ఫ్రెట్‌లోనో అయిదో ఫ్రెట్‌లోనో కేపో పెడితే శ్రుతి కుదిరిపోతుంది. మీ వేళ్ళ కింద స-ప-స-మ-ప-స మాత్రం మారదు.

నలుగురితో వాయించేటప్పుడు

మీరు పట్టిన షేపు పేరు ఎవరికీ చెప్పకండి. వినిపించే స్వరం పేరు చెప్పండి. రెండు ఫ్రెట్లు దించిన గిటార్ మీద మీరు జి పడితే కీబోర్డుకు అది ఎఫ్. కీబోర్డులో ట్రాన్స్‌పోజ్ మైనస్ రెండు పెట్టుకుంటే ఇద్దరూ జి అనే మాట్లాడుకోవచ్చు, కానీ పాట అయ్యాక దాన్ని సున్నాకి తెమ్మని గుర్తుచేయడం మీ పనే. బేస్ గిటార్ కూడా దించాలి, లేదా అతను స్వరాలు మార్చి వాయించాలి. వేణువు ఉంటే ముందే అడగండి, ఆ శ్రుతికి వేరే వేణువు కావాలి. ట్యూనర్లన్నీ 440 మీదే ఉన్నాయో లేదో కూడా చూడండి. ఎవరో ఒకరి ఫోన్‌లో అది 432 కి మారిపోయి ఉంటుంది, గంటసేపు ఎవరికీ కారణం దొరకదు.

పిక్ 1 మిల్లీమీటరు చుట్టుపక్కల మందంగా ఉన్నది తీసుకుని, కుడిచెయ్యి తేలిక చేయండి. వదులు తీగను బాదినకొద్దీ శబ్దం పెరగదు, మురికిగా మారుతుంది. డిస్టార్షన్ కూడా మామూలుగా పెట్టేదానికంటే తగ్గించండి, లేకపోతే కింది స్వరాలు ముద్దగా కలిసిపోతాయి.

మళ్ళీ పైకి ఎక్కించేటప్పుడు

నెలల తరబడి దించి ఉంచిన గిటార్‌ను మామూలు శ్రుతికి తేవాలంటే తొందరపడకండి. ముందు ఏ తీగలున్నాయో చూడండి. లావు సెట్ ఉంటే మార్చేయండి. తుప్పు పట్టిన మొదటి తీగ ఎక్కించేటప్పుడు తెగుతుంది, మొహం దూరంగా పెట్టుకోండి. ఒక ఫ్రెట్ ఎక్కించి ఆ పూటకు వదిలేసి, మర్నాడు రెండోది ఎక్కించండి. ట్రస్ రాడ్ వదులు చేసి ఉంటే ఇప్పుడు మెడ ముందుకు వంగి తీగలు ఎత్తుగా కనిపిస్తాయి. విజిటింగ్ కార్డుతో మళ్ళీ కొలిచి, పావు చుట్టు కుడివైపుకు బిగించండి. వదులు చేసినప్పుడు ఎన్ని పావు చుట్లు తిప్పారో కేసులో ఒక చీటీ మీద రాసిపెట్టుకుని ఉంటే ఈ పని అయిదు నిమిషాల్లో అయిపోతుంది.